సవరణ: హాలోలోని నీలి నక్షత్రాలు కుర్రవి కావు

మొన్న ఆదివారం పాలపుంత హాలో (గెలాక్సీ చుట్టూ గోళంలా పల్చగా పరుచుకున్న నక్షత్రాల ప్రాంతం) గురించి పెట్టిన పోస్టులో, అక్కడి నీలి నక్షత్రాలన్నీ ఈమధ్యే పుట్టినవని రాశాను. అది తప్పు. నీలం అంటే వేడి, వేడి అంటే చిన్న వయసు అని రీగెల్ అనే కుర్ర నీలి నక్షత్రాన్ని చూసి లెక్క కట్టేశాను. తార్నాకలో ఉండే మా సీనియర్ అన్న ఫోన్ చేసి మరీ తిట్టాడు, తర్వాత పాఠ్యపుస్తకం తీసి చూస్తే ఆయన చెప్పిందే కరెక్ట్.

హాలో మ్యాపు గీయడానికి వాడేవి బ్లూ హారిజాంటల్ బ్రాంచ్ నక్షత్రాలు. వయసు దాదాపు 1,000 కోట్ల ఏళ్లు, ఇంకా ఎక్కువే కావచ్చు. ఉబ్బిపోయి ఎర్రబడే ఎర్ర జెయింట్ దశ దాటొచ్చి, పైపొర చాలావరకు పోగొట్టుకుని, ఇప్పుడు గర్భంలో హీలియం మండించుకుంటున్న ముసలివి. మిగిలిన పొర పల్చన కాబట్టే అంత వేడిగా, నీలంగా ఉంటాయి. అసలు కాంతి అన్నిటికీ ఇంచుమించు ఒకటే, సూర్యుడికి 50 రెట్ల దాకా. అందుకే మనకు ఎంత మసగ్గా కనిపిస్తుందో చూసి దూరం చెప్పేయొచ్చు. 2008లో స్లోన్ సర్వే (టెలిస్కోపుతో ఆకాశాన్ని జల్లెడ పట్టిన ప్రాజెక్టు) డేటాలోంచి ఇలాంటివి 2,400 తీసుకుని, సుమారు 2 లక్షల కాంతి సంవత్సరాల దూరం వరకు వాటి వేగాలు చూసి పాలపుంత బరువు అంచనా కట్టారు.

చిక్కల్లా బ్లూ స్ట్రాగ్లర్లతోనే, అంటే పక్క నక్షత్రం పదార్థం లాక్కునో, దానితో కలిసిపోయో నీలంగా మారిన నక్షత్రాలతో. రంగు అదే, కాంతి తక్కువ. పొరపాటున వీటిలో కలిపేస్తే దూరం రెట్టింపు పైనే వస్తుంది, అందుకని స్పెక్ట్రంలో (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో) హైడ్రోజన్ గీతల వెడల్పు చూసి వేరు చేస్తారు.

కూకట్‌పల్లి డాబా మీంచి కనిపిస్తాయా అని అడిగినవాళ్లకి: అంత దూరంలో ఉన్నవి ఊరి లైట్లన్నీ ఆర్పేసినా కంటికి కనపడవు. పాత పోస్టులో ఆ తప్పు పేరా తీసేశాను.