‘పాలు చాలడం లేదు’ అన్నప్పుడు పక్కన ఎవరున్నారు?

గోదావరి డెల్టాలో తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఇప్పటికీ ఆనవాయితీ. నెలనెలా పరీక్షలు అత్తవారి ఊళ్లో, కాన్పు అమలాపురంలోనో కాకినాడలోనో, ఆపైన బాలింత పథ్యం అమ్మ చేతి మీదుగా. ఇంటికి చేరిన తొలి రాత్రుల్లో బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ‘పాలు చాలడం లేదేమో’ అని ముందుగా అనేది అమ్మమ్మే. ఆస్పత్రిలో తల్లిపాల గురించి చెప్పిన నాలుగు మాటలు తరచుగా ఆమె దాకా రావు. అసలు లోపం అక్కడే ఉందంటాను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి, 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తంలో ఆస్పత్రి కాన్పులు 88.6 శాతమైనా, పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలు 41.8 శాతమే. వెన్నుకు మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. ఇద్దరూ క్షేమంగా ఉంటే బిడ్డను ఆమె గుండెల మీద పడుకోబెట్టవచ్చు. బయట బంధువుల చేతుల్లో పెడితే తేనె చుక్కో చక్కెర నీళ్లో ముందు నోట్లో పడతాయి.

గోడ మీది పోస్టరు చూపించి వెళ్లిపోతే అది కౌన్సెలింగ్ అనిపించుకోదు. నర్సు పక్కన కూర్చుని, బిడ్డ చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా నోటినిండా పట్టుకుందో లేదో చూడాలి. తొలిరోజు బిడ్డ కడుపుకు చెంచాడు ముర్రుపాలు చాలు. పాలు బాగా పడటానికి రెండు నుంచి నాలుగు రోజులు పట్టవచ్చు, సిజేరియన్ అయితే ఇంకొంచెం ఆలస్యం. మొదట్లో బిడ్డ కాస్త బరువు తగ్గడం మామూలే. అయిదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తుంటే సాధారణంగా పాలు అందుతున్నట్టే. ఈలోగా కంగారుపడి డబ్బా పాలు పడితే బిడ్డ రొమ్ము చీకడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. రోహిణి కార్తె ఎండల్లోనూ ఆరునెలల లోపు బిడ్డకు విడిగా నీళ్లు అక్కర్లేదు. తల్లిపాలలో సుమారు 87 శాతం నీరే. ఇవన్నీ అమ్మమ్మను కూడా కూర్చోబెట్టి, మర్యాదగా చెప్పాలి. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషికి ‘మీకేం తెలియదు’ అంటే ఎవరి మాటా వినదు, వినకపోవడం న్యాయం కూడా.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బాలింత ఇంటికి వెళ్లాలన్నది నియమం. పేరు అత్తవారి ఊరి రిజిస్టరులో ఉంటే పుట్టింటి ఊరి ఆశాకు కబురెవరు పెడతారు? 2016లో కేంద్రం తల్లిపాల కోసమే ‘మా’ కార్యక్రమం పెట్టింది కాబట్టి కొత్త పథకం అవసరం లేదు. డిశ్చార్జి కాగితంలో బాలింత వెళ్లే ఊరు రాసి, అక్కడి ఆశాకు ఆస్పత్రే ఫోను చేయాలి.