ఏమీ వినబడని వాళ్లకూ మన మధ్య చోటుండాలి

చెన్నైలో ఏ తెలుగు ఆరాధనకు వెళ్లినా సాక్ష్యాల సమయం ఒకటి ఉంటుంది. మైకు చేతులు మారుతూ పోతుంది. "ఈ ఉద్యోగం వదిలెయ్యమని దేవుడు నాతో మాట్లాడాడు", "ఈ సంబంధం ప్రభువే చూపించాడు", "బైబిలు తెరవగానే సరిగ్గా అదే వచనం కనబడింది". వింటుంటే సంతోషంగానే ఉంటుంది. దేవుడు మాట్లాడతాడని నేనూ నమ్ముతాను. కానీ నా చూపు ఎప్పుడూ వెనక వరుసలకే పోతుంది. చెప్పులు విడిచిన చోటికి దగ్గరగా కూర్చునే కుర్రాళ్లుంటారు కదా. షోలింగనల్లూరులోనో పెరుంగుడిలోనో ఉద్యోగం, పీజీలో ఒక మంచం, అమ్మానాన్నలు ఊళ్లో. మైకు వాళ్ల దాకా వస్తే ముట్టుకున్నట్టే ముట్టుకుని పక్కవాడికి అందించేస్తారు. కొన్నాళ్లకు కొందరు రావడమే మానేస్తారు. కదిపితే చెప్పేది ఇంచుమించు ఒకటే: "అందరితో మాట్లాడుతున్నాడు అంకుల్, నాతోనే మాట్లాడట్లేదు. నా విశ్వాసంలోనే ఏదో తేడా ఉంది."

నన్నడిగితే తేడా మనం సాక్ష్యాలు చెప్పించే తీరులో ఉంది.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి చెన్నైని మించిన ఊరు లేదు. శాంథోమ్ బసిలికా అపొస్తలుడైన తోమా సమాధి మీద కట్టిందని సంప్రదాయం. సైదాపేట దగ్గరి చిన్నమల, విమానాశ్రయం వైపున్న సెయింట్ థామస్ మౌంట్ కూడా ఆయన పేరుతో ముడిపడినవే. చరిత్రకారుల వాదోపవాదాలు వాళ్లకే వదిలేద్దాం. ఈ ఊరు తనవాడని చెప్పుకునే అపొస్తలుడు మాత్రం, శిష్యులందరిలోకీ "నమ్మనే నమ్మను" అని ముఖం మీదే చెప్పినవాడు.

యోహాను సువార్త 20వ అధ్యాయం మనకు కంఠతా వచ్చినట్టే ఉంటుంది. సిలువ మీద చనిపోయిన యేసు తిరిగి లేచి కనబడ్డాక, అప్పుడు అక్కడ లేని తోమాతో మిగతా పదిమందీ "మేము ప్రభువును చూశాం" అన్నారు. పదిమంది సాక్ష్యం, అదీ కళ్లారా చూసినవాళ్ల సాక్ష్యం, తోమాకు ఒక్కటీ తలకెక్కలేదు. మనం అక్కడి నుంచి ఒక్క గంతులో, తోమా చివరికి నమ్మి అన్న "నా ప్రభువా, నా దేవా" దగ్గరికి పోతాం. మధ్యలో ఎనిమిది రోజులున్నాయి. ఎనిమిది దినములైన తరువాత శిష్యులు మరల లోపల ఉన్నప్పుడు "తోమా వారితోకూడ ఉండెను" అని రాసి ఉంది. ఆలోచించండి. ఆ ఇంట్లో పదిమంది ఆనందం పట్టలేకుండా ఉన్నారు, ఒక్కడు మొహం ముడుచుకుని ఉన్నాడు. వాళ్లు ఇతన్ని పొమ్మనలేదు, ఇతను అలిగి వెళ్లిపోలేదు. ఆ రోజుల్లో ఎంత వాదించుకున్నారో యోహాను రాయలేదు గానీ తోమా నోటి దురుసు చూస్తే బాగానే జరిగి ఉంటుందనుకుంటాను. తర్వాత ప్రభువు వచ్చి ఏమన్నాడు? నీ వేలు ఇటు చాచు, నా చేతులు చూడు, నీ చెయ్యి నా పక్కలో ఉంచు అన్నాడు. అంతకుముందు తోమా పెట్టిన షరతే అది. ఏ శిష్యుడో వెళ్లి ఆయనకు చేరవేశాడని ఎక్కడా లేదు. తనకు ఏమీ వినబడటం లేదని తోమా అనుకున్న రోజుల్లో తోమా మాట అక్కడ వినబడుతూనే ఉంది.

వెనక వరుస పిల్లలకు నేను చెప్పేది ఇదే. దేవుడు మౌనంగా ఉన్నాడంటే మనల్ని పట్టించుకోవడం లేదని కాదు. ఆ లోగా గదిలోంచి వెళ్లిపోకండి.

పెద్దలతో మాట్లాడాల్సింది ఇంకా ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక స్టీలు పళ్లెంలో వాగ్దానం కార్డులు పెట్టి తలా ఒకటి తియ్యమంటాం. గులాబీ పువ్వు బొమ్మ, అంచున బంగారు రంగు, మధ్యలో ఒక వచనం. నాకూ ఇష్టమే, ఏడాదంతా పర్సులో పెట్టుకుంటాను. కానీ ఆ పళ్లెంలో 88వ కీర్తన ఎప్పుడూ ఉండదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగిసే కీర్తన అది. దేవుడు జవాబిచ్చాడని చివర్లో ఒక్క ముక్క కూడా లేదు. అయినా దాన్ని ప్రార్థనగానే బైబిల్లో ఉంచారు. అలా ప్రార్థించేవాళ్లకు దేవుని గ్రంథంలో చోటుంటే మన సాక్ష్యాల మైకు దగ్గర ఎందుకు లేదు?

మనసులోని నెమ్మది విషయానికొస్తే, మన తెలుగు కుటుంబాల్లో అది ముద్ర వేసే స్టాంపు అయిపోయింది. ఉద్యోగం మారాలన్నా, అప్పు తీసుకుని ఫ్లాటు కొనాలన్నా, "ప్రార్థన చేశాను, మనసుకు నెమ్మదిగా ఉంది, కాబట్టి దేవుని చిత్తమే" అంటాం. దేవుడు నీనెవెకు పొమ్మంటే మాట వినకుండా తర్షీషు ఓడెక్కిన ప్రవక్త యోనా, తుపానులో అందరూ గగ్గోలు పెడుతుంటే ఓడ అడుగున గాఢ నిద్రలో ఉన్నాడు. అంత నెమ్మది! అదే సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో తండ్రి చిత్తానికి తలవంచిన యేసు చెమట రక్తబిందువుల్లా నేలపై పడిందని లూకా రాశాడు. నెమ్మది ఉందని దేవుని చిత్తం అనుకోవడానికీ లేదు, మనసు కలత పడిందని కాదనుకోవడానికీ లేదు. పౌలు ఫిలిప్పీయులకు చెరలోంచి రాస్తూ మీ విన్నపాలు దేవునికి తెలపండి అన్నాడు. అడిగింది దొరుకుతుందని అక్కడ అనలేదు. దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే నెమ్మది, మీ హృదయాలకు, తలంపులకు కావలి ఉంటుందన్నాడు. ఊరంతా గడబిడగా ఉన్నప్పుడే కదా కావలివాడితో పని.

మరి విన్నది దేవుని మాటో, మన కోరికో తేలేదెట్లా? నాకు తెలిసినంతలో మంచి పరీక్ష ఆగడమే. ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) ఆఫీసుల వెనక పారే బకింగ్‌హామ్ కాలువను రోజూ చూసే మన పిల్లల్లో ఎందరికి దాని కథ తెలుసో! 1876-78 కరువులో ఆ కాలువను ఉత్తరాన మన వైపు తవ్వేటప్పుడు, ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డారు. ఇంకెవరైనా అయితే "దేవుడు తలుపు తెరిచాడు" అని ఆ రోజే మొదలుపెట్టేవారు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. సాయం ఆగింది, జనం మాత్రం ఆగలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నిజంగా దేవుని పిలుపే అయితే కొన్ని నెలలు ఆగినంత మాత్రాన చెడిపోదు. రేపటిలోగా నిర్ణయం చెప్పమని తొందరపెట్టే స్వరాన్ని నేనైతే అనుమానిస్తాను.

ఇక "మీ గురించి దేవుడు నాకు చెప్పాడు" అంటూ ఫోన్లు చేసేవాళ్లు. యాజకుడైన ఏలీని చూడండి. దేవుడు పిలిస్తే ఏలీయే పిలిచాడనుకుని బాలుడైన సమూయేలు రాత్రి మూడుసార్లు లేచి వచ్చి "నన్ను పిలిచావు కదా" అన్నాడు. పిలుస్తున్నది ఎవరో గ్రహించాక కూడా ఆ ముసలాయన దేవుడు ఏం చెప్పబోతున్నాడో ఊహించి చెప్పలేదు. "నీ దాసుడు ఆలకించుచున్నాడు ఆజ్ఞనిమ్ము" అని జవాబివ్వడం మాత్రం నేర్పి, పోయి పడుకోమన్నాడు. తీరా వచ్చిన కబురు ఏలీ ఇంటి మీదికి రాబోయే శిక్ష గురించే! పెద్దరికం అంటే అంతవరకే.

ప్రవక్త ఏలీయా బదరీ చెట్టు కింద చావు కోరుకుంటూ పడి ఉన్నప్పుడు దేవుడు మొదట పంపింది రొట్టె, నీళ్లు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి తినిపించారు. దేవుని నిమ్మళమైన స్వరం హోరేబు కొండ దగ్గర వినబడింది, నలభై రోజుల నడక తర్వాత. రాత్రి షిఫ్టు చేసి కళ్లు మండుతూ వచ్చే పిల్లవాణ్ణి పట్టుకుని "ఈ వారం దేవుడు నీతో ఏం మాట్లాడాడు నాయనా" అని అడిగే ముందు ఇది గుర్తుంటే మంచిది. రెండు ఆదివారాలు కనబడకపోతే ఫోన్ చెయ్యండి. ఎందుకు రాలేదని అడగొద్దు. శనివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రమ్మనండి. పప్పు, గోంగూర, కాస్త చేపల పులుసు ఉంటే చాలు. ఆ రోజు ప్రార్థన మాట ఎత్తకపోయినా ఫర్వాలేదు.