టేపు ఎక్కడ పెట్టారు?

చేత్తో నొక్కే రివెటర్‌తో ఒక పూట రేకుల్ని కలిపి బిగించే రివెట్లు 60 వేస్తే, మర్నాడు చొక్కా గుండీలు పెట్టుకోడానికి వేళ్లు రావు. ఇంట్లో విమానం కట్టుకునేవాడికి 60 ఏ మూలకి? రెండు సీట్ల బుల్లి రేకు విమానానికి కూడా రివెట్లు వేలల్లో పడతాయి. అందుకని గాలితో నడిచే రివెటర్ కొన్నాను. దానికి గాలి కావాలి కాబట్టి కంప్రెసర్. ఆ మోత భరించాలి కాబట్టి ఇయర్‌మఫ్‌లు.

ఇంతా చేసి అది చేసే పని చిన్నదే. రివెట్ బోలుగా ఉంటుంది, మధ్యలో ఓ మేకు. ట్రిగ్గర్ నొక్కితే టూల్ ఆ మేకును లాగుతుంది. మేకు తల రివెట్ తోకను అవతలివైపు ఉబ్బించి, ఇక లాగలేక తెగిపోతుంది. చేత్తో అయితే ఈ లాగుడంతా మన మణికట్టు మీద. గాలితో అయితే టప్. టప్. టప్.

తోకలో నిటారుగా ఉండి విమానం ముక్కును కుడి ఎడమలకు తిప్పే రడ్డర్‌కి రెండో వైపు రేకు మూస్తున్నాను. ఒక చేత్తో క్లెకో (రివెట్ పడేదాకా రేకుల్ని పట్టి ఉంచే తాత్కాలిక పిన్ను) పీకడం, రెండో చేత్తో టప్‌మనిపించడం. మధ్యలో మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏదో అంది. వినబడలేదు. మెచ్చుకుంటోందనుకున్నాను. (ఇన్నేళ్ల సంసారం తర్వాత కూడా అలా ఎలా అనుకున్నానో!) బొటనవేలు ఎత్తి చూపించి, మళ్లీ టప్.

గంటలో అయిపోయింది. రడ్డర్ మెలి తిరిగిందేమో కొలుద్దామంటే టేపు లేదు. బల్ల కింద, టూల్‌బాక్సులో, పిల్లల సంచుల్లో వెతికాను. పిల్లల్ని గట్టిగా విచారించాను కూడా. చివరికి రడ్డర్ పైకెత్తితే లోపల గడగడమంది.

"అప్పుడే చెప్పానుగా, టేపు లోపలుందండీ అని. మీరు బొటనవేలు చూపించారు."

తోకలో దొర్లే బరువు పెట్టుకుని ఎగరలేం. తీయాల్సిందే. అయితే నేను కొన్నది రివెట్లు వేసే టూలే, తీసేది కాదు. సన్న పంచ్‌తో మేకు ముక్కను లోపలికి తోసి, తలను డ్రిల్‌తో ఊపిరి బిగబట్టి తొలచాలి. చెయ్యి వణికిందా, 3.2 మిల్లీమీటర్ల రంధ్రం కోడిగుడ్డు ఆకారం తిరుగుతుంది. టేపు పట్టేంత సందు కోసం 14 రివెట్లు తీశాను. మూడు గంటలు. టేపు బయటికొచ్చింది. ఎందుకైనా మంచిదని రడ్డర్‌ను ఓసారి ఊపాను.

గలగల.

తీసిన ప్రతి రివెట్‌దీ తోకముక్కొకటి, మేకుముక్కొకటి లోపల రాలాయి.

"ఒక్క టేపు తీసి 28 ముక్కలు వేశారన్నమాట" అంది మా ఆవిడ.

ఇంతకీ టూల్ దండగా అంటే, కాదనే అంటాను. చేతులు మిగిలాయి, రివెట్లన్నీ ఒకే తీరున కూర్చున్నాయి. బోల్టుల దగ్గరికి మాత్రం కరెంటు టూల్‌ని రానివ్వను. సన్న బోల్టు నట్టుకి మూడు న్యూటన్ మీటర్ల బిగింపు కూడా అక్కర్లేదు, ఇంపాక్ట్ డ్రైవర్ ఒక్క గుర్రుతో దాని మెడ విరిచేస్తుంది. అక్కడ బిగింపు ఎంతో కొలిచి చెప్పే టార్క్ రెంచే. రివెట్‌తో ఆ బెడద లేదు, చాలనిపించగానే మేకు తనంతట తనే తెగుతుంది.

రడ్డర్‌ను నెత్తిమీదికెత్తి జల్లెడ పట్టినట్టు ఊపాను. ఆవిడ నేలమీద ఏరి లెక్కపెట్టింది. 27. మళ్లీ ఊపాను. లోపల చప్పుడు లేదు. అయినా 27. టార్చి వేసి మూలమూలా చూశాను.

వెనకనుంచి ఆవిడ ఏదో అంది. ఈసారి ఇయర్‌మఫ్‌లు తీసి విన్నాను.

"మీ చొక్కా జేబు చూసుకోండి."