గరుడ-5లో కస్తూరి

కస్తూరి అంటే మగ కస్తూరి జింక పొట్ట కింది తిత్తిలో ఉండే సువాసన పదార్థం. అది కావాలంటే జింకను చంపక తప్పదన్నట్టు కస్తూరి మీద వచ్చిన వ్యాసంలో రాశారు. అది పూర్తిగా నిజం కాదండీ. చైనాలో 1950ల చివరి నుంచే ఫారాల్లో పెంచి, బతికున్న మగజింక తిత్తిలోంచే తీస్తున్నారు. అసలు బాధ అడవుల్లో పెట్టే ఉచ్చులతోనే. కస్తూరి ఉండేది మగదానికి, అదీ తిత్తికి సుమారు 25 గ్రాములు. ఉచ్చుకు ఆడా, మగా, పిల్లా తేడా ఏం తెలుస్తుంది?

టిబెట్ వైద్యంలో ‘గరుడ-5’ అని ఒక మందు ఉంది. అందులో ఉండేవి ఐదు: కరక్కాయ, వస, చెంగల్వకోష్టు, వసనాభి, కస్తూరి. చూస్తే అన్నీ మన మూలికల కొట్లో విన్న పేర్లే! (వసనాభి మాత్రం విషం, ఇంట్లో ప్రయోగాలు వద్దు.) మన దేశంలో వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి కస్తూరి వ్యాపారం నేరం. మరి హిమాచల్‌లోని ధర్మశాల ఊళ్లో ఉన్న టిబెట్ వైద్యులు దాని బదులు ఏం వేస్తున్నారో అడిగి రాయాల్సింది.