వేటపాలెం గ్రంథాలయానికి అద్దాల గోడలు వద్దు
పాత గ్రంథాలయాల పక్కన అద్దాల భవనాలు కట్టి యువ పాఠకులను రప్పించాలన్న మీ వ్యాసం చదివాను. విస్తరణ అవసరమే. నా అభ్యంతరమల్లా అద్దాల మీదే. ఒంగోలు వాడిని కాబట్టి నాకు వెంటనే గుర్తొచ్చింది వేటపాలెం సారస్వత నికేతనం. 2022 వరకు అది మా ప్రకాశం జిల్లాలోనే ఉండేది. 1918లో పుట్టిన సంస్థ, 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన చోటు, ఎన్నో దశాబ్దాల పత్రికల సంపుటాలు. సముద్రం కూడా దగ్గరే. ఆ ఎండకు, ఉప్పుగాలికి అద్దాల గదిలో పాత కాగితం పెళుసెక్కిపోతుంది. ఏసీ ఉంటే చాలదా అంటారేమో, కరెంటు పోయిన ప్రతిసారీ తేమ లోపలికి చేరుతుంది. అక్కడికి కావలసింది మందపాటి గోడ, లోతైన వసారా, ఉత్తరం వైపు వెలుతురు.

బోస్టన్ పబ్లిక్ లైబ్రరీని చూడండి. 1895 నాటి భవనానికి 1972లో వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్ కొత్త భాగం చేర్చారు. ఎత్తు పాతదానికి సరిపోయేలా చూశారు, అదే గులాబీ రంగు గ్రానైటు వాడారు, అయినా పాతదానికి నకలు తీయలేదు. మనకు చీమకుర్తి రాయి లేదా, మార్కాపురం పలక లేదా?

వ్యాసంలో పునాదుల ప్రస్తావనే లేదు. పుస్తకాల బరువుకు కొత్త కట్టడం కాస్త కుంగినా, దాన్ని ఆనుకుని ఉన్న పాత గోడ చీలుతుంది. రెండింటి మధ్య ఖాళీ వదిలి తేలికపాటి నడవాతో కలపాలి. సున్నంతో కట్టిన గోడలకు సిమెంటు పూత వేస్తే తేమ లోపలే నిలిచి ఇటుక పొడిగా రాలుతుంది. ఈ షరతులు టెండరు పత్రంలోనే ఉండాలి. పని మొదలయ్యాక కాంట్రాక్టరును అడిగితే వినేవారుండరు.