పది రూపాయలకు పిల్లల్ని చెడగొట్టడం ఎలా?

ఏటా ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ తల్లిదండ్రులకు ఒక ముప్పు పొంచి ఉంటుంది. దాని పేరు నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ నడిపే వేసవి ఆటల శిక్షణ శిబిరం. 6 నుంచి 16 ఏళ్ల పిల్లలు, పొద్దున 6 నుంచి 8 దాకా. చాలా ఆటలకు రుసుము 10 రూపాయలు, స్కేటింగు, టెన్నిస్ లాంటి వాటికి 50. పది రూపాయలకు మిర్చి బజ్జీల ప్లేటు కూడా రాని రోజుల్లో అక్కడ నేర్పేది ఏపాటిదో వేరే చెప్పాలా అని అపార్ట్‌మెంట్ పెద్దలు ఏకగ్రీవంగా తేల్చేశారు.

వాళ్ల దారి వేరు, ప్రైవేటు సమ్మర్ క్యాంపు. ఏసీ హాలు, స్లైమ్ తయారీ, లీడర్‌షిప్, చివరి రోజున నల్ల గౌనూ టోపీ వేసి ఫొటో. పది రోజుల్లో ఏడేళ్లవాడు నాయకుడై బయటికొస్తాడు. నాయకుడుగారి బూటు లేసు మాత్రం ఇప్పటికీ వాళ్లమ్మే కడుతుంది.

పది రూపాయల చోట ఏముంది? ఖోఖో. సరంజామా చూస్తే ఆ ఏసీ క్యాంపుల ఫ్రాంచైజీ యజమానులకు కళ్లు తిరుగుతాయి: నాలుగడుగుల ఎత్తు గుంజలు రెండు, ఒక ఈల, గీతలకు ముగ్గుపిండి. ఎనిమిది మంది వరసలో ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి గొంతుక్కూర్చుంటే తొమ్మిదోవాడు తరుముతాడు. ముగ్గుపిండి ఎందుకు, ఇంట్లో మిగిలిన సున్నం ఉందిగా అనే పొదుపరులు ప్రతి గ్రౌండులోనూ ఉంటారు. చెమట పట్టిన మోకాలు ఆ సున్నం మీద జారితే చర్మం మండుతుంది, కంట్లో పడితే ఆటో పిలవాల్సిందే. ఆటో చార్జీతో రెండు సీజన్లకు సరిపడా ముగ్గుపిండి వచ్చేది.

నీళ్ల లెక్క ఇంకా ఘోరం. 40 మందికి తలా అర లీటరు, అంటే 20 లీటర్ల డబ్బా ఒకటి. కాగితం మీద సరిగ్గా సరిపోతుంది. గ్రౌండులో ఆ డబ్బా ఏడింటికల్లా మొహాలు కడుక్కోవడానికీ, పక్కవాడి వీపు తడపడానికీ ఖర్చయిపోతుంది. తాగడానికి రెండోది తెప్పించాలి. ఎనిమిదింటికి మజ్జిగ పోయాలంటే 2 లీటర్ల పెరుగుకు 8 లీటర్ల నీళ్లు, ఉప్పు కాస్త ధారాళంగా. చిలకడం ఇంటి దగ్గరే కానివ్వాలి. గ్రౌండులో చిలికితే సగం మజ్జిగ, సగం గ్రౌండు.

స్కేటింగులో అయితే దూరదృష్టి పరవళ్లు తొక్కుతుంది. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని రెండు సైజులు పెద్దవి కొని, రెండు జతల సాక్సులు తొడిగి పంపుతారు. లోపల పాదం ఆడుతుంది, మడమ లేస్తుంది, చీలమండ పక్కకు తిరుగుతుంది. స్కేట్లు నిజంగానే వచ్చే ఏడాదికీ కొత్తగా ఉంటాయి, ఈ ఏడు ఇక ఎవరూ తొడగరు కాబట్టి.

మూడో రోజు నుంచి అమ్మాయిలు తగ్గిపోతే 'ఆడపిల్లలకు ఆటల మీద ఆసక్తి తక్కువ' అని రిజిస్టరులో రాసుకోవాలి. టాయిలెట్ తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుందా, ఆరింటికి ఆ వాచ్‌మన్ ఎక్కడున్నాడు అని ఆరా తీయడం గొంతెమ్మ కోరిక.

ఇక్కడొక చిన్న చిక్కు. శిబిరం ఎనిమిదింటికి అయిపోతుంది. పనికెళ్లిన తల్లి సాయంత్రం ఆరింటికి గానీ రాదు. మధ్యలో పది గంటలు. ఆ పది గంటలకు టైంటేబుల్ ఎవరూ వేయలేదు గనక, పిల్లలే గ్రౌండు పక్క వేపచెట్టు నీడలో ఇటుకముక్కతో గీతలు గీసి మళ్లీ ఖోఖో మొదలుపెడతారు. రిజిస్ట్రేషన్ లేదు, ఈల లేదు, ఆ పది రూపాయలైనా లేవు. ఇలాంటి అనధికార శిబిరాలను అధికారులు తక్షణం గుర్తించి నోటీసులు ఇవ్వాలి.