మూడు వందల బేతాళుడు

దయ్యాల బొమ్మలు సేకరిస్తానని చెబితే నల్లగొండలో చాలామంది ముందు నా ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసి, ఆ తరువాత మా ఆవిడ క్షేమసమాచారం అడుగుతారు. బ్రహ్మరాక్షసులు, కొరివి దయ్యాలు, తల లేని మొండేలు, చెట్టుకు తలకిందులుగా వేలాడే బేతాళులు, ఇవే నా ఆస్తి. అచ్చు బొమ్మలు నాకు పనికిరావు. చిత్రకారుడు తన చేత్తో అట్ట మీద వేసిన అసలు బొమ్మే కావాలి. అచ్చులో రాక్షసుడు ఒక్కడే కనబడతాడు, అసలు బొమ్మలో రాక్షసునితో పాటు వాణ్ణి వేసినవాని తడబాటు కూడా కనబడుతుంది. కోర మరీ పొడవైందని తెల్లరంగు పూసి కురచ చేసిన చోటు, రబ్బరుతో రుద్దినా పోని పెన్సిలు గీత, అంచున అచ్చువాని కోసం రాసిన కొలత, వీటిని భూతద్దం పెట్టి చూస్తూ కూర్చుంటే నాకు అన్నం సంగతి గుర్తుండదు.

ఈ జబ్బు చందమామ నుంచి అంటింది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో, భుజాన శవాన్ని వేసుకుని కత్తి పట్టుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గారి గీతల్లో చూసి, దుప్పటి ముసుగేసుకుని మళ్ళీ ముసుగు తీసి చూసినవాళ్ళలో నేనొకణ్ణి. 2020లో తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూసిన ఆ మహానుభావుని చేతి బొమ్మ కొనే తాహతు నాకు లేదు గనుక, ఆయన బొమ్మలు చూసి చెయ్యి తిప్పుకున్న మా చుట్టుపక్కల ఊళ్ళ పెయింటర్ల వెంట పడ్డాను. అమెరికాలో ఫ్రాంక్ ఫ్రజెటా అనే చిత్రకారుడు ఒక దయ్యాల పత్రికకు ముఖచిత్రంగా వేసిన ‘ఈజిప్షియన్ క్వీన్’ అనే తైలవర్ణ చిత్రం 2019లో వేలంలో 54 లక్షల డాలర్లు పలికింది. ఈ మాట స్నేహితులకు చెబుతాను గానీ ఇంట్లో చెప్పను. చెబితే ‘మరి మనవి ఎప్పుడమ్ముదాం?’ అనే ప్రశ్న వస్తుంది.

మిర్యాలగూడలో ఒక ముసలి పెయింటరు ఉన్నాడు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా టాకీసుల ముందు నిలబెట్టే బ్యానర్లన్నీ ఆయన చేతివే. ఓ దయ్యాల సినిమా వచ్చినప్పుడు, పెద్ద గుడ్డ మీదికి ఎక్కించడానికి ముందుగా నమూనాగా వేసుకున్న బేతాళుని బొమ్మ ఆయన ట్రంకుపెట్టెలో దొరికింది. ఇరవై రెండంగుళాల వెడల్పు, ముప్పై అంగుళాల ఎత్తు, అంతా పోస్టరు రంగులే. మర్రి ఊడలు పట్టుకుని తలకిందులుగా దిగుతున్న బేతాళుని నాలుక ఎర్రగా, అప్పుడే పాన్ నమిలినట్టు మెరుస్తున్నది. దగ్గరికి వంగి చూస్తే రంగు కింద అంగుళానికొకటి చొప్పున గళ్ళు కనబడతాయి. నమూనాలోని ఒక గడి బ్యానరు మీద ఒక అడుగవుతుందన్న మాట. ఎడమ కంటి పక్కన తడి రంగులో పడిన బొటనవేలి ముద్ర కూడా ఉన్నది. ఆ ముద్రను చూసిన తరువాత బేరమాడే ఓపిక నాకు లేకపోయింది. 8,500 రూపాయలకు ఒప్పుకుని, చేతిలో ఉన్న 6,000 ఇచ్చి, మిగిలినవి ఒకటో తారీఖున ఇస్తానని చెప్పి, బొమ్మను పాత పంచెలో చుట్టుకుని బస్సెక్కాను. దారిలో పంచె జారి, బేతాళుని పాదాలు రెండూ బయటపడితే పక్క సీటాయన నార్కట్‌పల్లి దాకా టిక్కెట్టు తీసుకుని కూడా నల్లగొండలోనే దిగిపోయాడు.

ఇంటికి రాగానే ‘ఎంత?’ అని మా ఆవిడ అడిగింది. కొన్న ధరలో చివరి సున్నా ఒకటి తీసేసి చెప్పడం నాకు పదిహేనేళ్ళుగా ఉన్న అలవాటు. ఆ లెక్కన 850 అని చెప్పవలసింది. కానీ ఆ ఉదయమే పిల్లవాని ఫీజు గురించి ఇద్దరం పెద్ద గొంతులతో మాట్లాడుకున్నాం గనుక, నోరు దానంతటది ఇంకొంచెం తగ్గి ‘మూడు వందలు’ అన్నది. ‘దీనికి మూడు వందలా!’ అని ఆమె నొసలు చిట్లించింది. అబద్ధం అతికిందని సంతోషించాను.

ఆ వారమే ఆఫీసు పని మీద నాలుగు రోజులు హైదరాబాదు వెళ్ళి వచ్చి చూస్తే బీరువా పైన బేతాళుడు లేడు. చెదలు పట్టకుండా వేసిన వేపాకులు మాత్రం ఉన్నాయి.

‘మా తమ్ముడు దేవరకొండ రోడ్డులో ఇల్లు కడుతున్నడు గదా, దిష్టిబొమ్మ కోసం బజారంతా తిరుగుతున్నడు. ఎట్లాగూ మూడు వందలదే గదా అని ఇచ్చిన’ అన్నది మా ఆవిడ, చింతపండు పిసుకుతూనే.

నేను బండి తీశాను. దేవరకొండ రోడ్డు మలుపు తిరగకముందే బేతాళుడు కనిపించాడు. మొదటి అంతస్తు సెంట్రింగు కర్రల మధ్యన, నాలుగు మూలలా రంధ్రాలు పొడిచి ఇనుపతీగతో బిగించిన నా బేతాళుడు, రోహిణి కార్తె ఎండలో రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ నాలుక చూపిస్తున్నాడు. ఒక పక్క బూడిద గుమ్మడికాయ, ఇంకో పక్క తెగిన చెప్పు వేలాడుతున్నాయి. ఈ రెండింటి విలువ కలిపితే నా బొమ్మ విలువకు దగ్గరగా ఉంటుందని మా ఆవిడ వంటి లెక్క తెలిసినవాళ్ళు అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ రంధ్రాలు నా చెవులకే కుట్టినట్టనిపించింది.

మేస్త్రీని పిలిచి బొమ్మ దింపమన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

‘నడుమ దిష్టిబొమ్మ తీస్తరా సార్? స్లాబు పడ్డదాక తియ్యొద్దు, అరిష్టం. ఇది కట్టినకాడి నుంచి పోయేటోడు ఒక్కడు గూడ బిల్డింగు దిక్కు చూస్తలేడు, అందరు దీన్నే చూస్తుండ్రు. నా సర్వీసుల ఇట్లాంటి బొమ్మ చూడలే.’

ఒక చిత్రాన్ని గురించి ఇంత సూక్ష్మమైన విమర్శ నేను ఈ మధ్య చదవలేదు. కానీ ఆనందించే స్థితిలో లేను. పోస్టరు రంగుల్లో ఉండేది జిగురే. ఎన్నేళ్ళు ఎండినా నీటి చుక్క తగిలితే కరిగి పారుతుంది. ఎండకు ముందు ఎరుపు వెలుస్తుంది. వారం పది రోజుల్లో మృగశిర వస్తున్నది. ఇవన్నీ మేస్త్రీకి చెబితే ‘మూడు వందల బొమ్మకు ఇంత చదువా సార్?’ అన్నాడు. ధర అతని దాకా పోయిందని అప్పుడు తెలిసింది.

మరునాడు క్లాక్ టవర్ దగ్గర తిరిగి తిరిగి, కోరలూ మీసాలూ ఉన్న ప్లాస్టిక్ రాక్షసుని ముఖం ఒకటి 350 రూపాయలకు కొని తెచ్చాను. దాన్ని కట్టి బేతాళుణ్ణి దింపించాలని నా ఆలోచన. మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ‘మూడు వందల బొమ్మను తెచ్చుకునేందుకు మూడు వందల యాభై పెట్టిండ్రా?’ అన్నది. ఈ ప్రశ్నకు నిజం తప్ప వేరే జవాబు లేదు గనుక నేను జవాబు చెప్పలేదు. అటు మేస్త్రీ ఆ ప్లాస్టిక్ ముఖాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, ‘ఇది నవ్వుతున్నట్టున్నది సార్’ అని తిరిగి ఇచ్చేశాడు. నిజమే, కొంచెం నవ్వుతున్నట్టే ఉన్నది.

ఆ తరువాత అయిదు రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ రోడ్డున పోయి వచ్చాను. ఆరో నాటి సాయంత్రం లతీఫ్ సాహెబ్ గుట్ట మీద మబ్బు నల్లగా కమ్మింది. గాలి దుమ్ము లేచే లోపలే అక్కడికి చేరి, ఖాళీ సిమెంటు సంచులు రెండు చీల్చి, నిచ్చెన ఎక్కి, బేతాళునికి తొడిగాను. చినుకులు పెద్దవై నా వీపు మీద పడుతుంటే సంచి అంచులు రెండు చేతులా పట్టుకుని, ముఖం బేతాళుని ముఖానికి ఆనించి, అరగంట సేపు అట్లాగే నిలబడ్డాను. కింది నుంచి చూసేవారికి ఇంటికి రెండు దిష్టిబొమ్మలు కట్టినట్టు కనబడి ఉంటుంది. మా బామ్మర్ది గొడుగేసుకుని వచ్చి, పైకి చూసి, కరిగిపోయాడు.

‘బావా! మా ఇంటికి దిష్టి తగులుతదని వానల గూడ నువ్వు ఇంత తండ్లాడుతున్నవా? మా అక్క అదృష్టవంతురాలు’ అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాట తరువాత ‘బొమ్మ నాకిచ్చెయ్యి’ అని ఏ నోటితో అడగను?

ఇంటికి వచ్చి తల తుడుచుకుంటుంటే, నేను టేబుల్ మీద మరిచిపోయి వెళ్ళిన ఫోను మా ఆవిడ చేతిలో కనబడింది. మిర్యాలగూడ పెయింటరు చేశాడట. ఒకటో తారీఖు దాటి నాలుగు రోజులైందని, మిగిలిన రెండున్నర వేలు పంపిస్తే కంటి మందులు కొనుక్కుంటానని, ఆరు వేలు ముందే ఇచ్చిన మంచి మనిషినని నన్ను పొగిడాడట. ఆమె అతనితో చాలా మర్యాదగా మాట్లాడి, అక్కడికక్కడే డబ్బు పంపించి, ఆ తరువాత తమ్మునికి ఫోను చేసింది. నాకు ఆరు రోజులు పట్టి కూడా కాని పని ఆమె ఒక్క మాటతో ముగించింది.

‘ఎనిమిదిన్నర వేల బొమ్మరా అది, గంటల నా ఇంట్ల ఉండాలె.’

స్లాబు, అరిష్టం, మేస్త్రీ, ఎవరూ అడ్డు రాలేదు. ముప్పావు గంటకే మా బామ్మర్ది బేతాళుణ్ణి దుప్పట్లో చుట్టి తెచ్చాడు. నాలుక చివర కొంచెం కారి గడ్డం మీదికి దిగింది, మూలల్లో నాలుగు రంధ్రాలు మిగిలాయి, బొటనవేలి ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. బొమ్మను దించి అతను వెళ్ళిన తరువాత మా ఆవిడ వీధి తలుపు గడియ వేసింది. కుర్చీ వేసుకుని ఎక్కి, బీరువా మీది బట్ట తొలగించి, పైనున్న మొదటి అట్టను తీసింది. అది 2011లో నేను కొన్న కొరివి దయ్యం.

‘ఇదెంత?’ అన్నది.

కింద ఇంకా ఇరవై ఆరున్నాయి.